నాయనమ్మ గొంతులో కూడా టాన్సిల్స్!

మా చిన్నప్పుడు... ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ వసారాలో వరసగా నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం.

నేనప్పుడు నాలుగో తరగతి. రెడ్డిగూడెం తోటల నుంచి నాన్న తెచ్చిన పచ్చి మామిడికాయలు ఉప్పూకారం అద్దుకుని తిన్నాను. అదే వారంలో జ్వరం... గుటక పడలేదు. మా తిరువూరులో వీధి చివర ఉండే డాక్టరు గారు నోట్లో టార్చి వేసి చూశారు. "టాన్సిల్స్ వాచాయమ్మా. మాటిమాటికీ ఇలా అయితే బెజవాడలో తీయించాలి" అని మందులిచ్చారు.

ఆ పేరు మా ఇంట్లో ఎవరూ వినలేదు. గొంతులో ఏవో గడ్డలు మొలిచాయనుకున్నారు. నాయనమ్మ నా గ్లాసు వేరు చేసింది, చెల్లెల్ని నా పక్కలోంచి లేపేసింది.

"బయటెక్కడా చెప్పమాకండి. గొంతులో గడ్డలున్న పిల్లని రేపెవడు చేసుకుంటాడే?" అని అమ్మను హెచ్చరించింది.

నాన్నకు ఆగే ఓపిక లేదు. సోమవారమే బెజవాడ తీసుకెళ్లి కోయించేస్తానన్నాడు. "అక్క గొంతు కోస్తారంట" అని చెల్లెలు గుమ్మం అవతల నిలబడి ఏడ్చింది. ఇవతల నేనూ...

అమ్మది మాత్రం ఏ పనైనా వరసగా చేసే పద్ధతి. "ముందు చిన్నదానికి అంటుకుందేమో చూడండి" అంది. నాన్న టార్చి పట్టుకున్నాడు. అమ్మ చెంచా కాడతో చెల్లెలి నాలుక నొక్కింది.

గొంతుకు రెండు పక్కలా రెండు బుడిపెలు!

"అయ్యో, దీనికీ వచ్చేశాయి!" నాయనమ్మ నెత్తి కొట్టుకుంది.

నాన్న నోరు తెరిచాడు. ఉన్నాయి! అమ్మ నోట్లో నాన్న చూశాడు. ఉన్నాయి! అందరి మొహాలూ పాలిపోయాయి.

"ఇక మీరే మిగిలారు, అత్తయ్యా."

"నాకెందుకుంటాయే? నేనేమన్నా మామిడికాయలు తిన్నానా?"

అయినా తెరిచింది. అమ్మ చాలాసేపు వెతికి, "చిన్నవే... కానీ ఉన్నాయి" అంది.

నాయనమ్మ నిలువునా కూలబడింది. "నలుగురు పిల్లల్ని కన్నాను కదే... ఎప్పుడొచ్చాయి ఇవి?"

మర్నాడు పొద్దున్నే అందరం డాక్టరు గారి దగ్గరికి పరుగు. ఆయన నవ్వాపుకోలేకపోయారు.

"అందరికీ పుట్టుకతోనే ఉంటాయండి. నోట్లోంచి, ముక్కులోంచి వచ్చే క్రిముల్ని గొంతు దగ్గరే పట్టి, వాటితో పోరాడటం ఒంటికి నేర్పేవి అవే. ఆ పోరులోనే ఒక్కోసారి వాస్తాయి. చిన్నపిల్లల్లో పెద్దగా ఉంటాయి, వయసు పెరిగేకొద్దీ తగ్గుతాయి. పాపకిది మొదటిసారేగా, కోయక్కర్లేదు."

నాన్న నిర్ఘాంతపోయాడు. "అంటే... కాపలా వాళ్లనా నేను కోయించబోయింది?"

మందులతోనే వాపు తగ్గిపోయింది. బయట చెప్పొద్దన్న నాయనమ్మే ఆ ఎండాకాలమంతా పంపు దగ్గర కనబడిన ప్రతి ఆడమనిషినీ ఆపి, "ఏదీ, నోరు తెరు... నీకూ ఉంటాయి చూడు!" అనేది.

ఇప్పుడు మా పిల్లలు గొంతు నొప్పి అనగానే ఫోనులో అన్నీ చదివేసుకుంటారు. మంచిదే... భయం తప్పింది. కానీ తమ ఒంట్లోనే ఉన్నదాన్ని చూసి ఇల్లంతా నివ్వెరపోయిన అలాంటి పూట మళ్లీ రాలేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు దేన్ని చూసి ఇలా హడలిపోయారో... కాస్త రాయండి, చదవాలని ఉంది.