పెద్దాయన కథ మా చెల్లె చదివింది

మా చెల్లె సరోజ నలభై ఎనిమిదో ఏట తనంతట తానే చదవడం నేర్చుకుంది. నేను బడికి వెళ్లిన రోజుల్లో తమ్ముళ్లను ఎత్తుకొని ఇంట్లో ఉన్నది తనే. బెల్లంపల్లి నుంచి, పెద్దాయన జయంతికి చదవమని పిలుపు వస్తే సరే అంది. తర్వాత భయపడింది. తోడు వెళ్లాను.

పెద్దాయన బడి ముఖం చూడని గని కార్మికుడు. గని దగ్గరి బోర్డులు చూసి అక్షరాలు పట్టుకున్నారు. మొదట చదివిన మాట ‘ప్రమాదం’ అట. తర్వాత తోటివాళ్ల అర్జీలు తానే రాశారు. పార్లమెంటు దాకా వెళ్లి, గనిలో భర్తలు పోయిన ఆడవాళ్లకు కొలువులు సాధించారు. అందుకే ఆయన జయంతికి అక్కడ ఉపన్యాసాలుండవు. సొంతంగా చదువు నేర్చుకున్న ఒకరు ఆయన జీవితకథలో ఒక పుట చదవాలి. బడికి వెళ్లినవాళ్లు వినాలి, చాయ్ పోయాలి.

కరీంనగర్‌లో ఆరింటి బస్సు ఎక్కాం. ఆధార్ చూపితే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. పెద్దపల్లిలో రైలెక్కి, మంచిర్యాల ముందు గోదావరి దాటుతుంటే నేను జపంలో ఉన్నాను. పక్కన చెల్లె కూడా గొణుగుతోంది. మంత్రం కాదు, పెద్దాయన కథలో మొదటి పుట. “మొత్తం నోటికొచ్చిందక్కా. ఇగ ఫికర్ లేదు.”

పదిన్నరకు బెల్లంపల్లిలో దిగాం. ఆటోకు మనిషికి ఇరవై. “సదివేది మీరేనా మేడం?” అని నన్నడిగాడు డ్రైవర్. మా చెల్లె అన్నాను. “అయితె చాయ్ డ్యూటీ మీదన్నట్టు!”

జయంతి జరిగే గది చూసుకునే రిటైర్డు కార్మికుడు పుస్తకం చేతికిచ్చి, “యాడ తెరుసుకుంటె గాడనే సదవాలె చెల్లె” అన్నాడు. సరోజ ముఖం పాలిపోయింది. “మొదటి పుట కాదా?”

“పోయినేడు వచ్చినాయన గదే బట్టీ పట్టుకొచ్చిండు!”

పెద్దాయన ఢిల్లీ వెళ్లిన పుట తెరుచుకుంది. రెండో వాక్యంలో ‘పార్లమెంటు’ దగ్గర ఆగిపోయింది. పక్కనే కూర్చున్న నేను మాట అందించబోయాను.

“అక్కా, మీరు సదువుకున్నోళ్లు. జర సప్పుడు జేయకుండ్రి” అని నన్ను ఆపాడు పుస్తకం ఇచ్చినాయన.

వెనక నుంచి ఒక ముసలవ్వ అంది: “నిమ్మళంగ సదువు బిడ్డా. అన్నం ఇంక ఉడుకుతాంది.”

అందరూ నవ్వారు. చెల్లె కూడా నవ్వింది. పా, ర్ల, మెం, టు. దాటింది. పుట అయిపోయినా ఆగలేదు, తిప్పి తర్వాతిది మొదలుపెట్టింది. చివరికి ముసలవ్వే లేచింది: “ఇగ సాలు తల్లీ, అన్నం సల్లారవట్టె!”

పొద్దుటి నుంచి నేను దేవుణ్ణి అడిగింది ఒక్కటే, చెల్లె తడబడకూడదని. తడబడింది. అంత బాగా ఎవరు చదవగానూ నేను వినలేదు.

మీరూ ఎవరినైనా తీసుకెళ్తే, వాళ్ల పక్కన కూర్చోకండి. మాట అందించాలనిపిస్తుంది. వెనక వరుసలో కూర్చోండి.