చీనీలు వచ్చిన రోజు

ముందే ఒప్పుకుంటున్నా, నేను గోరంత చూస్తే కొండంత చెబుతాను. లద్దాఖ్ సరిహద్దులో మా సైనిక పోస్టు ఎత్తు ముప్పై వేల అడుగులని ప్రొద్దుటూరంతా నమ్మించాను. అసలు పదహారు వేలు.

చేరేసరికి మధ్యాహ్నం రెండు. చలి సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు కింద. చేతులకు రెండు జతల తొడుగులు, కాళ్లకు మూడు జతల మేజోళ్లు. మీసం మీద గడ్డకట్టిన ఊపిరిని విరిచి టీలో వేసుకునేవాణ్ణి.

రాత్రి కాపలా. పగలు ఎనిమిది నుంచి రెండు దాకా నిద్ర. అది రాదు. మా పోస్టు నర్సింగ్ అసిస్టెంటు ఇచ్చిన నిద్రమాత్ర వారం పనిచేసింది. రెండేసుకుంటే మూడు రోజులు. ఆ తర్వాత శనక్కాయ విత్తనాలు మింగినట్టే.

"ఇంక ఇవ్వను. ఈ ఎత్తులో ఇంకొకటి మింగితే ఊపిరి తీయడం మర్చిపోతావ్" అన్నాడు.

కింది పోస్టులో రేడియో ఆపరేటర్‌ది పులివెందుల. వైర్‌లెస్ సెట్లో పలకరించేవాడు.

"మామా, పండుకున్న్యావా?"

"యాడప్పా!"

"మా తోటలో చీనీ చెట్లు లెక్కబెట్టుకో. నాలుగొందలుండాయి."

"నాలుగుసార్లు లెక్కబెట్నా. నీళ్లు గూడా కట్నా."

చీనీ అంటే మాకు బత్తాయి. హిందీలో చైనావాడు. మా పోస్టులో మిగతావాళ్లకు ఆ రెండో అర్థమే తెలుసు, నాకొక్కడికే రెండూ.

ఒకరోజు పగలు పదకొండింటికి ఆపరేటర్‌కు ఇంటి నుంచి కాయల పెట్టె చేరింది. సంబరం పట్టలేక సెట్లో "చీనీ ఆగయే!" అని, చీనీలు వచ్చేశాయని హిందీలో అరిచి, పెట్టె విప్పడానికి పోయాడు.

అందరూ తుపాకులతో పరుగెత్తారు. నేను నలభై రోజులకు మొదటిసారి గాఢనిద్రలో ఉన్నాను. "పాపం, ఇన్నాళ్లకు పడుకున్నాడు. లేపకండి, వీడి గన్ దగ్గర నేనుంటా" అన్నాడు వంటవాడు. పిండి కలుపుతున్న తడి చేతులతోనే, తొడుగుల్లేకుండా పోయి ఇనుము పట్టుకున్నాడు. ఆపరేటర్ మళ్లీ సెట్లోకి వచ్చి అవి కాయలని చెప్పడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

చల్లటి ఇనుముకు అతుక్కుని చచ్చుబడ్డ మూడు వేళ్లు వంటవాడి కుడిచేతికి తీసేశారు. కట్టుతో నా దగ్గరకొచ్చి, "నీకైనా నిద్ర పట్టింది, సంతోషం" అన్నాడు.

అక్కడి డ్యూటీ గడువు తీరాక ఎర్రగుంట్లలో రైలు దిగాను. జమ్మలమడుగు డాక్టరు మాత్రలూ ఒకటి పోయి రెండయ్యాయి, ఇప్పుడు అవీ దండగ. "నిన్ను జూసి మాత్రలే పండుకుంటాండాయబ్బా" అంటుంది మా ఆవిడ. పులివెందుల బస్టాండులో చీనీల కుప్ప కనబడితే మొహం తిప్పుకుంటాను. అయినా కళ్లముందు అదే. నల్లటి గన్ మీద తెల్లటి పిండి, అందులో అయిదు వేళ్ల ముద్ర.

ఎత్తు, మీసం కోతలు వదిలేయండి. అసలు కల్పించింది ఒక్కటే, ఆ రోజు నాకు నిద్ర పట్టిందన్నది. పట్టలేదు. స్లీపింగ్ బ్యాగులో కళ్లు మూసుకుని అంతా విన్నాను. అతని గొంతులో సంబరానికే అవి బత్తాయిలని తెలిసిపోయింది. నవ్వొచ్చింది. కాసేపు పరుగెత్తనీలే అనుకున్నాను.