కొబ్బరిపొత్తి దీపం

దొడ్డమ్మ పోయిందని మొన్న ఆదివారం రాజోలు నుంచి కబురొచ్చింది. అమలాపురంలో దొరికిన బస్సెక్కి వెళ్లేసరికి సమాధి కూడా అయిపోయింది.

అమ్మకు అక్క. బడిలో డ్రాయింగు టీచరు. పగిలిన రంగు అద్దాలు, సొట్టపడ్డ ఇత్తడి పళ్లేలు, విప్పేసిన పడవల చెక్కలు తెచ్చి దీపాలు చేసేది. ఒకటి మెడ వంచిన కొంగ, ఒకటి తాబేలు. “ఇదేమవుతుంది దొడ్డమ్మా?” అంటే, “నన్నడుగుతావేం? దాన్నే అడుగు,” అనేది.

కొత్త చర్చి కట్టినప్పుడు పాస్టరు అయ్యగారు ఆమెనే దీపం చెయ్యమన్నారు. తొడుగు విచ్చుకుని పూత బయటపడ్డ కొబ్బరిపొత్తిలా చేసి, పాత పడవ గొలుసుతో నడి కప్పుకు వేలాడదీయించింది. ప్రతిష్ఠ రోజు సరిగ్గా దాని కిందే చాప వేసి పిల్లల్ని పాటకు కూర్చోబెట్టారు. నేను హార్మోనియం ముందున్నాను.

రెండో చరణంలో దొడ్డమ్మ నవ్వుతూ వచ్చి నా చెవి దగ్గర వంగింది.

“గొలుసు ఊడిపోతోంది. పాట ఆపకు. పైకి చూడకు.”

చర్చి కిక్కిరిసి ఉంది. ఒక్కరు కేక వేస్తే తొక్కిసలాటే. నేను వాయిస్తూనే ఉన్నాను.

“పాడుకుంటూనే లేవండమ్మా, నా వెనకాలే గుమ్మం దాకా రండి,” అంది పిల్లలతో. అదీ కార్యక్రమంలో భాగమే అనుకున్నారు అందరూ. చివరి పిల్ల దాటాక చూస్తే, చాప మీద ఒక చిన్నది నిద్రపోతోంది. దొడ్డమ్మ వెనక్కి నడిచింది. పరుగెత్తలేదు. పిల్లను భుజాన వేసుకుని ఇవతలికి వచ్చిందో లేదో, దీపం చాప మీద పడింది. గాజు ముక్కలు నా కాళ్ల దాకా చిందాయి.

“టీచరమ్మగారూ, పిల్లలండీ?” అయ్యగారు గాజు ముక్కలు తొక్కుకుంటూ వచ్చారు.

“ఆయ్, అందరూ ఉన్నారండి,” అంది. అప్పుడు వణికింది ఆమె గొంతు.

మర్నాడు గొలుసు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఉప్పునీళ్లు ఒక లింకును లోపల్లోపలే తినేశాయి. “పాతదాన్ని చూసి ముచ్చటపడొచ్చమ్మా. మనుషుల నెత్తి మీద మాత్రం నమ్మకూడదు,” అంది. ఆ తర్వాత ఆమె ఏ దీపాన్నీ వేలాడదీయలేదు. అన్నీ నేల మీద నిలబడేవే చేసింది.

మొన్న నేను రాజోలు వెళ్లిన సాయంత్రం ఎవరో ఆ దీపాలను వరండా పొడుగునా పెట్టి వెలిగించారు. పలకరించడానికి వచ్చినవాళ్లు మెట్ల దగ్గర చెప్పులు విప్పుతుంటే, వాళ్ల పాదాల మీద ఎరుపూ పసుపూ నీలమూ కదులుతున్నాయి.