జాలరిపేటలో చూసిన ఆఖరి భాగం

ఎనభైల చివర్లో ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉండేవాణ్ని. ఆ రోజుల్లో టీవీలో వారం వారం ఒక సముద్రపు నాటకం వచ్చేది. వేటకెళ్లిన మొగుడు తిరిగిరాక, ఒడ్డున ఎదురుచూసే జాలరి ఆడమనిషి కథ. నా షిఫ్టులో పనిచేసే ఎర్రయ్యది జాలరిపేట. "ఆఖరి భాగం మా పేటకొచ్చి సూడు బావా, అందరం ఒక్క సోటే కూకుని సూత్తాం" అన్నాడు. అలా బయలుదేరాను.

ఆదివారం మధ్యాహ్నం గాజువాక మీదుగా జగదాంబ జంక్షన్ చేరేసరికి గంట దాటింది. అక్కడ బస్సు మారి చినవాల్తేరులో దిగి, సముద్రం వైపు నడిచాను. రెండు టిక్కెట్లూ కలిపినా ఒక పూట భోజనం ఖరీదు కాలేదు. ముసురు పట్టి ఉంది. తెప్పలన్నీ ఒడ్డు మీదే ఉన్నాయి. ఎర్రయ్య చెల్లెలు పైడమ్మ చేపల పులుసుతో అన్నం పెట్టింది. ఆమె మొగుడు కిందటేడు తుఫానులో వేటకెళ్లి రాలేదు. శవమూ దొరకలేదు. వచ్చే వారమే ఆమెకు మారుమనువు, భీమిలి సంబంధం. "ఒప్పించీసరికి తల పేనం తోకకొచ్చింది బావా" అన్నాడు ఎర్రయ్య, ఆమె లోపలికెళ్లాక.

సాయంత్రం పేటకంతటికీ ఉన్న ఒక్క టీవీ ముందు చేరాం. నాటకంలోని బలమేమిటో అక్కడే తెలిసింది. ఆ నటి ఏడవలేదు. వచ్చే ప్రతి తెప్పలోనూ మొగుడి కోసం వెతుకుతుంటే, నా చుట్టూ ఉన్న ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. లోపం చివర్లో బయటపడింది. ఏడాది తర్వాత మొగుడు నలగని తెల్ల చొక్కాతో నవ్వుతూ వచ్చేశాడు. ఎక్కడున్నాడో, ఎలా బతికాడో చెప్పలేదు. జనం చప్పట్లు కొట్టారు.

పైడమ్మ లేచి నిలబడింది. "అన్నా, నాను ఆ మనువుకి రాను. మావోడు కూడా ఏ ఒడ్డునో ఉండిపోనాడేమో."

"అది నాటకవే సెల్లీ! ఆళ్లందరూ ఏసాలేసుకున్నోలు!" అన్నాడు ఎర్రయ్య.

"నాటకవైతే ఆ పిల్ల నాలాగే ఎలాగ సూసింది? అంతా నిజిం సెప్పి, ఆ ఒక్కటీ అబద్దం సెప్తారేటి?"

"రాసినవాళ్లు కల్పించిందమ్మా అది" అన్నాను. ఆమె వినలేదు. ముసురులోనే ఒడ్డుకు వెళ్లిపోయింది. ఎర్రయ్య గొడుగు తీసుకుని వెనకే పరుగెత్తాడు.

ఆ సంబంధం తప్పిపోయింది. భీమిలి మనిషి ఇంకో ఇంటి పిల్లను చేసుకున్నాడు. నాకు బదిలీ అయ్యేదాకా, చెల్లెలు ఎలా ఉందని అడిగినప్పుడల్లా ఎర్రయ్య "సూత్తంది బావా" అనేవాడు.

నాటకం నాసిరకంగా ఉంటే పైడమ్మ ఆ వారమే భీమిలి వెళ్లిపోయేదేమో. అంతవరకూ అంత బాగా తీశారు కాబట్టే, ఆ చివరి ముక్కనూ ఆమె నమ్మింది. ఆ పేటకు వెళ్లేవాళ్లకు ఒక్క మాట: తెప్పలు ఒడ్డు చేరే పొద్దుటి వేళ వెళ్లండి, చేపలు తాజాగా దొరుకుతాయి. కెమెరా ఉంటే, ఒంటరిగా నిలబడి సముద్రంలోకి చూస్తున్నవాళ్ల వైపు మాత్రం తిప్పకండి.