ముందు బిగించమన్న ఐలయ్య కాక

ఆదివారం పొద్దున మా పాత వ్యాను కింద వెల్లకిలా పడుకుని, సైలెన్సర్ బోల్టు మీద కిరసనాయిలు కలిపిన ఇంజిన్ ఆయిల్ చుక్కచుక్కగా వేస్తున్నాను. తుప్పు ఆ నూనెను పీల్చుకునేటప్పుడు ఒక వాసన వస్తుంది. తడిసిన గోడ వాసనా కాదు, కాలిన ఇనుము వాసనా కాదు, రెంటికీ మధ్యది. అది ముక్కుకు తగిలితే చాలు, నా నోరు దానంతటదే మూసుకుపోతుంది. నన్నెరిగినవాళ్లు ఈ మాట నమ్మరు. సూరత్‌లోని డిండోలిలో మా సందు మలుపు తిరగగానే కూరగాయల బండివాడు వేగం పెంచేది నా గుమ్మం దగ్గరే. అట్లాంటి నాకు పదేళ్ల కింద ఒక్క వారంలో మళ్లీ మళ్లీ నోట మాట పడిపోయింది. ఆ దిమ్మ నాకింకా పూర్తిగా దిగలేదు. ఆ వారంలో నా ఎదురుగా ఉన్న మనిషి ఐలయ్య కాక.

నవాగామ్ పక్కన రేకుల షెడ్డులో కార్లు బాగుచేసేవాడు కాక. సిరిసిల్ల దిక్కునుంచి కుర్రతనంలోనే సూరత్ వచ్చి, ముప్పై ఏళ్లు మగ్గాల కార్ఖానాల్లో ఉన్నాడు. మొదట నేత, తర్వాత మగ్గాల మరమ్మతు, చివరికి ఈ షెడ్డు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట మెల్లగా, లోగొంతుకతో వచ్చేది. నేను బీకాం చదివాను. మా ఆయనకు మగ్గం మీద పని తగ్గిపోయిన ఏడాది, ఒక పాత వ్యాను కొని పిల్లల్ని బడికి దింపడం మొదలుపెట్టాను. మూడేళ్లు కాక దగ్గరికే తీసుకెళ్లాను, ప్రతిసారీ తగువు పెట్టుకున్నాను. ఆ బ్రేకు ఎందుకు మార్చాలి, ఈ బెల్టుకేం రోగం అని నేను అడుగుతుంటే ఆయన నా మూతినే చూస్తుండేవాడు. మనిషికి కళ్లుంటాయి కదా, మూతేమిటని నాకు చిరాకు వేసేది. ఆయన భార్య రాజవ్వ మధ్యమధ్య అరచెయ్యి కిందికి అదుముతున్నట్టు సైగ చేసేది. నాతో పెట్టుకోకు, నోరు మూసుకో అని ఆయనకు చెబుతోందనుకుని లోలోపల పొంగిపోయేదాన్ని.

ఆ మూడో ఏడు ఊళ్లోని ఖాడీ వాగు పొంగి మా సందులో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. వ్యాను రెండు రోజులు ఆ నీళ్లలోనే ఉంది. నెల తర్వాత అడుగున ఏదో టపటపమంటుంటే కాక దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఇంజిన్ నడుస్తుండగా వంగి, సైలెన్సర్ పైపు అతుకు దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టాడు. తర్వాత లేచి వెనక తలుపు తీసి, మూల సీటు కింద చాప ఎత్తాడు. అక్కడ రేకు తుప్పుపట్టి రూపాయి బిళ్లంత కంత పడింది. చుట్టూ మసి. ఆ మసిని వేలితో తుడిచి చూసి నా వైపు తిరిగాడు.

“ఈ మూలకు కూసునే పిల్ల రోజూ నిద్రవోతదా బిడ్డా?”

ఆ మూలన కూర్చునేది శ్రావణి. ఆరేళ్లది. ఎక్కిన పావుగంటకే తల వేలేసేది. బడి దగ్గర భుజం పట్టి కుదిపితే గానీ లేచేది కాదు. రాత్రంతా టీవీ ముందే ఉంటావా, మీ అమ్మతో చెబుతానని రోజూ తిట్టాను. ఒకరోజు కక్కుకుంటే, పొద్దున్నే పూరీలు పెట్టారేమోనని దాని డబ్బా తీసి వాసన చూశాను.

“నిద్ర గాదది,” అన్నాడు కాక. “పొగ.”

మూడేళ్లలో మొదటిసారి ఆయనకు ఎదురు చెప్పలేకపోయాను. ఇప్పుడే విప్పు, ఈ క్షణమే మార్చెయ్యి అని మీద పడ్డాను. కాక తొందరపడలేదు. చల్లారిన బోల్టుల్ని తీగల బ్రష్షుతో గీకి, నూనె తాగించి, ఇవాళా రేపూ నాననివ్వాలి, ఎల్లుండి విప్పుదామన్నాడు. అన్నానికి వెళ్లాడు. అక్కడ కూర్చుని ఆ కంతను చూస్తూ ఉండలేకపోయాను. పానా తీసుకుని, దాని కాడకు ఒక పైపు తొడిగి, మొదటి బోల్టుకు తగిలించి బలమంతా పెట్టి గుంజాను.

అది తిరిగింది. ఎంత మెత్తగా తిరిగిందంటే, ఈ మాత్రానికి రెండు రోజులా అని నవ్వాను కూడా. పానా కిందికి దించితే బోల్టు తల అందులోనే ఉంది. మొండెం లోపలే విరిగిపోయింది. తిరగడానికీ విరగడానికీ తేడా నా చేతికి తెలియలేదు.

కాక వచ్చి ఆ ముక్కను అరచేతిలో వేసుకుని అటూ ఇటూ దొర్లించాడు. తిడతాడని చూశాను. తిట్టలేదు.

“ముందుగాల జరంత బిగించాలె బిడ్డా. జంగు పట్టినదాన్ని ఇప్పే దిక్కే గుంజితె ఇరుగుతది. బిగిస్తె పట్టు సడలుతది. అప్పుడు అర సుట్టు ఇప్పి, పావు సుట్టు మళ్ల ఎనుకకు తిప్పాలె.”

లోపలి మొండేన్ని తొలిచి తీయాలి, బండి వారం దాకా లేవదన్నాడు. పిల్లల ఇళ్లకు వెళ్లి చెప్పి రమ్మన్నాడు. సర్వీసుకిచ్చానని చెబుతానన్నాను.

“సర్వీసని గాదు. పొగ వచ్చిందని చెప్పు,” అని అటు తిరిగి వ్యాను కిందికి దూరాడు.

ఆయన కాళ్ల దగ్గర నిలబడి వాదన మొదలుపెట్టాను. కావాలని చేశానా? నాకు తెలిసి జరిగిందా? బాగుచేయిస్తున్నాను కదా, ఇక చెప్పి ఎవరిని ఉద్ధరించాలి? పొగ అన్నానంటే ఒక్కరైనా పిల్లల్ని పంపుతారా? నా సంసారం నువ్వు నడుపుతావా? పది నిమిషాలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడాను. అంత బాగా నేనెప్పుడూ వాదించలేదు. కింద నుంచి ఉలుకూ పలుకూ లేదు. గెలిచాననుకున్నాను.

చాయ్ పట్టుకొచ్చిన రాజవ్వ నన్ను వింతగా చూసింది. “ఎవలతోని కొట్లాడుతున్నవ్ బిడ్డా? మొకం ఇటు లేకుంటె ఆయనకు ఒక్క ముక్క ఇనవడది. మగ్గాల కాడ్నే చెవులు పోయినయ్. మూడేండ్ల సంది వస్తున్నవ్, నీకెర్కలేదా?”

మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగినదాన్ని. మా నాయన కూడా టీవీ వీధంతా వినపడేలా పెట్టుకునేవాడు. చెవులు పోయినవాళ్లు అరిచి మాట్లాడతారని నాకు తెలుసు. ఈయన లోగొంతుకతో మాట్లాడుతుంటే నాకెట్లా తడుతుంది? రాజవ్వ అరచెయ్యి అదిమేది నోరు మూసుకోమని కాదట, గొంతు పెరిగింది, తగ్గించుకోమని. నా మూతి చూసేది నా మాట అందుకోవడానికి. ఆయన జవాబివ్వని ప్రతిసారీ నేను గెలిచానని ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పుకున్నాను. ఆ గెలుపులన్నీ ఆయన వీపు మీద గెలిచినవి. నా వాదన ఒక్క ముక్కా ఆయనకు చేరలేదు, పొగ వచ్చిందని చెప్పమన్న ఆయన మాట మాత్రం నాకు చేరింది.

ఆ సాయంత్రం ముందుగా శ్రావణి వాళ్లింటికే వెళ్లాను. వాళ్లమ్మ నేల మీద చీర పరిచి, అంచుకు రాళ్లు అతికిస్తోంది. ఎదురుగా కూర్చుని చెప్పాను. రేకు కంత, పైపు అతుకు, పొగ, మూల సీటు, నేను తిట్టిన తిట్లు, అన్నీ. ఆమె కేకలు వేస్తుందని కాచుకుని కూర్చున్నాను. కేకలకైతే నా దగ్గర బదులు ఉంది.

ఆమె లేచి, గూట్లోంచి ఒక సీసా తెచ్చి నా ముందు పెట్టింది. “రక్తం తక్కువుందేమో, గందుకే పండుకుంటున్నదని నెల దినాల సంది టానిక్ తాగిస్తున్న అక్కా.”

అంతే అంది. సీసాలో అడుగున ఇంకా కొంచెం ఉంది. మర్నాడే ఆమె పిల్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. భయం లేదన్నారు. కానీ శ్రావణి మళ్లీ నా బండి ఎక్కలేదు. ఇంకో ఇద్దరు మానేశారు. మిగతావాళ్లు ఒక్కొక్కరూ షెడ్డుకు వచ్చి, ఆ కంత మూసిన చోటు కళ్లారా చూసుకుని వెళ్లారు. కాక వాళ్లకు చాప ఎత్తి ఓపికగా చూపించాడు.

మిగిలిన బోల్టులు నా చేతే విప్పించాడు. పానా మీద నా చెయ్యి, దాని మీద ఆయన చెయ్యి. ముందు బిగింపు వైపు వెంట్రుకవాసి. ఎక్కడో లోపల చిన్న కుదుపు. “ఇగో, చెప్పింది. ఇన్నవా?” అన్నాడు. చెవులతో వినేది కాదది. మణికట్టుకు తెలిసింది. కిర్రుమంటే నేను గబుక్కున ఆగేదాన్ని, ఆ కిర్రు ఆయనకు వినపడదు. ఆయన చెయ్యి మాత్రం నాకంటే ముందే ఆగేది.

కాక పోయి రెండేళ్లయింది. వాదించడం నేను మానలేదు, ఆ అబద్ధం చెప్పను. అయితే ఇప్పుడు ఎవరితో తగువు పడాలన్నా చుట్టూ తిరిగి వచ్చి వాళ్ల ముఖం ముందు నిలబడతాను. సగం తగువులు అక్కడికి చేరేలోపే తుస్సుమంటాయి. ప్రతి శనివారం చాపలన్నీ ఎత్తి చూస్తాను. పిల్లల్లో ఎవరు కునికినా బండి ఆపి, తిట్టకుండా, కిందికి దించి గాలిలో నడిపిస్తాను.

నిన్న చాప ఎత్తితే అతుకు పైన మళ్లీ సన్నగా మసి కనిపించింది. కంత లేదు, అతుకు మాత్రం వదులైంది. పిల్లలెవరూ కునకడం లేదు. ఎవరికీ తెలియదు. రెండు రోజులు బండికి సెలవంటే ఎవరూ కారణం అడగరు కూడా.

ఇప్పుడు నూనె తాగిన ఆ బోల్టుకు పానా తగిలించి ముందు బిగింపు వైపు నొక్కాను. మణికట్టులో ఆ చిన్న కుదుపు తెలిసింది. ఆపేశాను. ఇంకో నాలుగు చుక్కల నూనె వేసి బయటికి జరిగి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాను. ఎల్లుండి దాకా అది నానాలి. నేను మాత్రం ఇవాళే పదకొండు ఇళ్లు తిరగాలి. ఫోన్లో మెసేజ్ పెట్టొచ్చు, కానీ పెట్టను. గుమ్మం ముందు నిలబడి, నా మూతి వాళ్లకు కనిపించేలా, పొగ వచ్చిందని చెప్పాలి.