నర్సీపట్నం పేజీ ఎందుకు ఖాళీగా వచ్చేదంటే

ఈ ప్రయాణం కోపంతో మొదలైంది. మూడేళ్ళ కిందట అనకాపల్లిలో నేనొక చేతిరాత పత్రిక నడిపేవాణ్ణి. నడపడమంటే కథలు, వ్యాసాలు, బొమ్మలు అన్నీ నేనే. నలభై పేజీలు గుండ్రంగా రాసి, దారంతో కుట్టి, అట్టకు రంగులు వేసేవాణ్ణి. నెలకు ఒకటే ప్రతి. అది ఇంటి నుంచి ఇంటికి తిరిగి మళ్ళీ నా దగ్గరకే చేరేది. పుస్తకం చివర ఇంటికొక తెల్లపేజీ వదిలేవాణ్ణి, అభిప్రాయం రాయమని. "కథ రక్తి కట్టింది" అనో, "బొమ్మలో ఆవుకు కాళ్ళు పొట్టి" అనో ఏదో ఒకటి రాసేవారు. నాకు దక్కే జీతం బత్తెం ఆ పేజీలే. నర్సీపట్నం నుంచి మాత్రం ఎనిమిది నెలలుగా ఖాళీ పేజీ! పైగా కాగితాల మీద పసుపు మరకలు, నూనె వేళ్ళు. నాకసలే ముక్కుమీద కోపం. పొట్లాలు కట్టుకోవడానికా నేను కళ్ళు పొడుచుకుని రాస్తున్నది? జాబితాలో ఆ ఊరి పేరు కొట్టేసి, అక్కడున్న ఆ నెల పుస్తకం నేనే తెచ్చేసుకుందామని బయల్దేరాను. నిజం చెప్పొద్దూ, పత్రికే మానేద్దామన్నంత దిగులు కూడా లోపల ఉంది.

పొద్దున్న ఆరున్నర పాసింజరెక్కితే ఎనిమిదింటికల్లా నర్సీపట్నం రోడ్డు స్టేషనులో దిగాను. పేరు చూసి ఊరు పక్కనే అనుకునేరు. అక్కడి నుంచి ఇంకా పదహారు పదిహేడు మైళ్ళు. జట్కా సన్నిబాబు పోనూ రూపాయిన్నర అడిగాడు. రానూ పోనూ రెండున్నరకు ఇవాళే తిరిగొచ్చేద్దామన్నాను.

"బేగి ఎల్లి బేగి ఒచ్చీడానికి ఇదేటి రైలా బాబూ? గుర్రానికీ పేణం ఉంటాది" అన్నాడు. నేను వింటేగా!

దారిలో లక్కబొమ్మలు చేసే ఏటికొప్పాకలో ఆగాం. నాకు నెలకో పిచ్చి. అంతకు ముందు నెల గ్రామఫోను పిచ్చి, ఆ నెల లక్క పిచ్చి. బొమ్మల మీద మెరిసే ఆ ఎరుపు నా అట్ట మీదకు వస్తే ఎంత బాగుంటుందని ఆశ. బొమ్మలు చేసే పెద్దాయన విని నవ్వాడు. "కర్ర తిరగాల, ఏడెక్కాల, అప్పుడు లక్క అంటుకుంటాది. మీ కాయితం తిరుగుతాదేటి బాబూ?" అన్నాడు. చేసేది లేక ఒక బొంగరం కొనుక్కుని జట్కా ఎక్కాను. ఆపైన దారంతా చెరుకుతోటలు, బెల్లం కాగుతున్న వాసన, దూరాన మన్యం కొండలు. ఆ వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా ఆ పూట నాకు గుర్తొస్తుంది.

ఒంటిగంటకు సూర్యనారాయణ మేష్టారి ఇల్లు చేరాను. ఆయన బడిపంతులు, నా పత్రిక తెప్పించుకునేది ఆయనే. కాళ్ళు కడుక్కోమన్నారు. ఆయన భార్య సీతమ్మగారు మజ్జిగ ఇచ్చారు. అది తాగీ తాగకముందే ఇకనుంచి పత్రిక పంపనని చెప్పేశాను. మేష్టారు నీళ్ళు నమిలారు. "నాకు తీరికేదండీ? చదివేది మా మేనత్త..."

"పంపకపోతే నేనేటి సదవాల?" అని వంటింట్లోంచి గొంతు వినిపించింది. తెల్లచీర ముసుగు సర్దుకుంటూ ఒక పెద్దావిడ గుమ్మంలోకొచ్చి కూర్చున్నారు. పేరు అప్పలనరసమ్మగారు. మధ్యాహ్నం వంటింట్లో నలుగురు ఆడవాళ్ళను చేర్చి, వాళ్ళు కూర తరుగుతూ పోపు వేస్తూ ఉంటే, నా పత్రిక అట్ట నుంచి అట్ట దాకా ఆవిడే చదివి వినిపిస్తారట.

"మరి ఒక్క ముక్కయినా రాయలేదేమండీ?" అన్నాను.

"సదవడం నేర్పినారు నాయనా, రాయడం నేర్పలేదు. ఆడపిల్ల రాస్తే ఉత్తరాలు రాసీస్తాదని మా నాన్న భయం. మావోణ్ణి రాయమంటే 'బాగుంది' అని రాసీనా అంటాడు. బాగున్నాదని నేనెప్పుడన్నాను?"

సీతమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. మీరు చెప్పండి, నేను రాస్తానని కలం తీశాను.

"నీ కథలో ఆ పిల్లని జ్వరమొచ్చిన మూడో రోజుకే సంపీసినావేటి? పక్కన ఎవులున్నారు, నోట్లో గంజి ఎవులు పోసినారు, ఒక్క ముక్క రాసినావా? ఆ పిల్లని ఏటి సెయ్యాలో తోచక సంపీసినావు."

నూటికి నూరుపాళ్ళు నిజం. నెలాఖరైపోతోందని చంపేశాను. 'మరణఘట్టం ఇంకొంత విపులంగా ఉండవచ్చును' అని రాసి చూపించాను. ఆవిడ వేలు పెట్టి చదువుకున్నారు. "నే సెప్పింది ఇది కాదు. కొట్టీసి మళ్ళీ రాయి" అన్నారు. నన్ను తిట్టిన తిట్టు పొల్లు పోకుండా నా చేత్తోనే రాశాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి, లోపల మాత్రం సంతోషం. అన్నేళ్ళలో నన్ను అంత శ్రద్ధగా చదివినవాళ్ళు ఇంకొకరు లేరు.

ఆ పూట కదలనిస్తే కదా! మర్నాడు గాని వదల్లేదు. అందుకే అటు వెళ్ళేవారికి ఒక్క సలహా: జట్కా పోను మాత్రమే మాట్లాడుకోండి, పంచె ఇంకొకటి పెట్టుకోండి.

ఆ తర్వాత నెలనెలా వెళ్ళాను, ఆవిడ మాటలు ఆ పేజీలో రాసుకురావడానికే. ఆ రెండేళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండుతుంది. నిరుడు ఆవిడ జ్వరంతో పోయారు. నాకు కబురు ఆలస్యంగా అందింది. నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే చేయి సాగలేదు. రైలెక్కి వెళ్ళి, జ్వరం ఎన్నాళ్ళు, పక్కన ఎవరున్నారు, గంజి ఎవరు పోశారు అని మేష్టారిని అడిగి, ఆయన చెప్పినవన్నీ రాసి సంచిక పంపాను. అది తిరిగొచ్చింది. నర్సీపట్నం పేజీలో కొత్తగా నేర్చిన వంకర అక్షరాలు, కింద సీతమ్మగారి పేరు: "గంజి పోసింది మేష్టారు కాదు. నేను. కొట్టీసి మళ్ళీ రాయండి."