ఫ్లారెన్స్ సిస్టర్ ఉడకబెట్టిన ఉలులు

మా వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి వేలు తెగినా ముందు తట్టే తలుపు ఫ్లారెన్స్ సిస్టర్‌ది. ఆమె ఉద్యోగమంతా మదనపల్లెలో ఒక ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్లో, ఎముకల డాక్టర్ల పక్కన నర్సుగా నిలబడి గడిచిపోయింది. రిటైరయ్యాక బైబిలు చదువుకుంటూ గులాబీ మొక్కలకు నీళ్లు పోసుకుంటుందని అందరూ అనుకున్నారు. ఆమె మాత్రం స్కూటీ పెట్టుకునే రేకుల షెడ్డు ఖాళీ చేయించి, అందులో ఒక పాత బల్ల వేయించి, గోడ మీదుగా నన్ను పిలిచింది.

"మూర్తన్నా, రేపు నీకేమన్నా పనుండాదా?"

చదువుకోవడం తప్ప నాకు వేరే పని ఉండదని ఆమెకు తెలుసు. ఇన్నేళ్లుగా పక్కింట్లోనే ఉంటోంది.

"ఏం లేదు సిస్టరమ్మా. యాల?"

"ఉలులు కొనాల. తోడు రా."

ఉలులు ఎందుకో దారిలో చెప్పింది. కారణం తబిత టీచర్. ఇద్దరూ చిన్నప్పటి స్నేహితులు. ఒకరినొకరు తిట్టుకోని రోజు ఉండదు. చర్చిలో కాళ్లతో తొక్కి వాయించే పాత హార్మోనియం ఒకటి ఉంది. దాని ముందు తబిత టీచర్ తప్ప మరొకరు కూర్చోగా నేను చూడలేదు. పోయిన ఏడాది ఆమె కొళాయి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది గానీ, పొట్టి పీటల మీద కూర్చోవద్దనీ, కూర్చుంటే మోకాళ్లు తుంటికన్నా కిందికే ఉండాలనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. హార్మోనియం ముందున్న బెంచీ పొట్టిది. దాని మీద దిండ్లు వేసి చూశారు. తొక్కడం మొదలుపెట్టగానే దిండు ఒకవైపు, టీచరు ఒకవైపు జారారు. నలుగురు పట్టుకుని లేపారు. ఆ రోజు నుంచి ఆమె చర్చికి రావడం మానేసింది.

సంఘం సెక్రటరీ శరత్ బాబు మంచివాడే. కాకపోతే వాడకుండా పడి ఉన్న వస్తువు కంటబడితే ఆయనకు నిద్ర పట్టదు. చర్చికి పంట కానుకలు తెచ్చే కోతల పండగ దాకా చూస్తామనీ, అప్పటికీ వాయించే మనిషి రాకపోతే హార్మోనియాన్ని ఎవరికైనా ఇచ్చేసి ఆ చోట స్పీకర్లు పెడతామనీ చెప్పేశాడు.

"ఎత్తుగా ఒక స్టూలు చేయిస్తే సరిపోదా? వడ్రంగికి చెప్పొచ్చు గదా," అన్నాను.

"చెప్పినా. రేపు రేపు అంటాండాడు." ఆమె తన అరచేతులు చూసుకుంది. "అయినా మూర్తన్నా, ఇన్నేండ్లూ డాక్టర్లు చెయ్యి చాపితే అందించినా. సుత్తి అందించినా, ఉలి అందించినా, రంపం అందించినా. ఎముకల థియేటరూ వడ్రంగి షెడ్డూ ఒకటే. ఆడ గుడ్డలు తెల్లగా ఉంటాయి, అంతే. ఒకతూరి నేనే పట్టుకుని సూడాలని ఉండాది."

మొదట మదనపల్లె బజారుకే వెళ్లాం. హార్డ్‌వేర్ షాపు భానుప్రకాశ్ ఒక ప్లాస్టిక్ పెట్టె తెరిచి ముందు పెట్టాడు. ఉలులు అద్దాల్లా మెరుస్తున్నాయి. సిస్టర్ చేతిసంచిలోంచి పలుచని కట్టుగుడ్డ ముక్క తీసి, షాపులో ఉన్న మంచినీళ్ల బాటిల్‌తో తడిపింది.

"ఏందమ్మా అది? నీకు కావాల్సింది చెక్క పనికా, కట్టు కట్టేదానికా?"

"కొత్త కత్తెర వస్తే మేము ఇట్లనే సూస్తామప్పా. తడి గుడ్డ పోగు లాగకుండా తెగితే అంచు బాగున్నట్ల."

ఉలి అంచును గుడ్డ మీద నడిపింది. గుడ్డ తెగలేదు. పోగులన్నీ ఊడి అంచుకు చుట్టుకున్నాయి. భానుప్రకాశ్ ఇంకో పెట్టె తెరిచాడు. దాని సంగతీ అంతే.

"పెట్టె మాత్రం శానా బాగుండాది," అంది సిస్టర్. "పెట్టె ఒకటే ఇస్తావా?"

రంపాల దగ్గర ఇంకా సేపు పట్టింది. ఒక్కొక్కదాన్నీ విల్లులా వంచి వదిలి, చెవి దగ్గర పెట్టుకుని అది మోగే మోత విన్నది. పక్కన సిమెంటు కోసం వచ్చిన మేస్త్రీ, "ఈమె రంపం కొనేదానికి వచ్చిందా, పాట నేర్చుకునేదానికి వచ్చిందా?" అని నన్ను అడిగాడు. చివరికి ఒక రంపమూ, మూలమట్టమూ అక్కడే తీసుకుంది. భానుప్రకాశ్ డబ్బాలో వేసిన మేకులు కూడా కొసరుగా పుచ్చుకుంది.

మర్నాడు పుంగనూరు. శ్రీనివాసులు అంగట్లో కొడవళ్లు, పారలు, గొడ్డళ్ల మధ్య కొలిమిలో కాల్చి కొట్టిన నల్లటి ఉలులు ఉన్నాయి. మెరుపు లేదు. గుడ్డ మాత్రం చప్పుడు లేకుండా తెగింది.

"ఇది మూడు తరాలు వస్తాదమ్మా," అన్నాడు శ్రీనివాసులు.

"నాకు కోతల పండగ దాకా వస్తే సాలప్పా." ఆమె దాన్ని చేతిలో ఎగరేసి బరువు చూసింది. మణికట్టు కిందికి వాలింది. "బాగుండాది గానీ, ఇది తొడ ఎముకకు పనికొస్తాది. ముంజేతికి పనికిరాదు."

శ్రీనివాసులు ఒక అడుగు వెనక్కి వేసి నా వైపు చూశాడు. ఆమె నర్సమ్మ అని చెప్పాక ఊపిరి పీల్చుకున్నాడు. "సన్న పనైతే కుప్పం పోండమ్మా. ఆడ తమిళనాడు సరుకు దొరుకుతాది," అన్నాడు. తొడ ఎముక ఉలి సంచిలో వేసుకుని బయలుదేరాం.

కుప్పం బస్సులో ఆమె నిద్రపోయింది, నేను చదువుకున్నాను. రైల్వే స్టేషన్ దగ్గర ప్రతాప్ షాపు. మేం వెళ్లేసరికి ఆయన ఎవరితోనో తమిళంలో బేరమాడుతున్నాడు. సిస్టర్ గోడకు వేలాడుతున్న రంపాలను చూస్తూ, తల తిప్పకుండానే కుడి అరచెయ్యి అటు చాపి, "సన్నది," అంది.

ఆయన మాట ఆపకుండానే ఒక ఉలి తీసి ఆ చేతిలో పెట్టాడు. పిడి ముందు, అంచు వెనక. ఆమె పిడికిలి మూసుకుంది.

"ఇదే," అంది.

"గుడ్డ పరీక్ష వద్దా?"

"సూస్తా, సూస్తా. కానీ పిడి నా పక్క పెట్టి ఇచ్చినాడు సూడు. అంత మర్యాద తెలిసినోడు మొద్దు సరుకు పెట్టడు."

గుడ్డ తెగింది. నున్నటి చెక్క పిడి. వేళ్లు ఎక్కడ పడాలో అక్కడే పడుతున్నాయి. అలాంటివి రెండు కొంది. చెక్కను నున్నగా చేసే చిత్రిక కూడా ఒకటి తీసుకుంది. ఇంటికొచ్చే దారంతా సంచి ఒళ్లో పెట్టుకునే కూర్చుంది.

మరుసటి రోజు పొద్దున్నే వాళ్ల వంటింటి కిటికీలోంచి ఒక వింత వాసన వచ్చింది. వంట వాసన కాదు. గోడ దగ్గరికి వెళ్లి, "ఏం ఉడుకుతాండాది సిస్టరమ్మా?" అని అడిగాను.

"ఉలులు."

వినడంలో పొరపాటేమో అనుకుని లోపలికి వెళ్లాను. పెద్ద అల్యూమినియం గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి. మూడు ఉలులూ, చిత్రిక నుంచి ఊడదీసిన ఇనుప పలకా అందులో బుడబుడమని ఆడుతున్నాయి.

"షాపులో ఎన్ని చేతులు పట్టుకున్నాయో ఏమో. కొత్త పరికరం ఉడకకుండా నా బల్ల మీదికి రాదు," అంది. అది ఆమె ఉద్యోగంలో మొదటి రోజు నేర్చుకున్న పాఠం.

"సిస్టరమ్మా, థియేటర్లో ఉలికి చెక్క పిడి ఉండదేమో."

ఆమె చేతిలో పట్టకారు ఆగిపోయింది. స్టవ్ ఆపేసింది. అప్పటికే నీళ్లు టీ రంగులోకి తిరిగాయి. ఎండలో ఆరబెడితే సాయంత్రానికి కుప్పం ఉలుల పిడులు రెండూ నిలువునా పగిలాయి. ఇనుము పిడిలోంచి పాలపన్నులా కదులుతోంది. పిడి కూడా ఇనుమే అయిన పుంగనూరుది మాత్రం చలించలేదు.

కబురు వెనక వీధికి చేరింది. తబిత టీచర్ కర్ర పట్టుకుని, పరామర్శకు వచ్చినట్టు మెల్లగా నడుచుకుంటూ వచ్చింది.

"ఏమే ఫ్లారెన్సూ, ఉలుల రసం పెట్టినావంట? ఉప్పు సరిపోయిందా?"

"నీ నోటికే ఉప్పు తక్కువ. పో మే."

"పోతా. నాకోసం నువ్వేం తిప్పలు పడొద్దు. ఆ హార్మోనియం పోతే పోనీలే, దానికీ నాకూ వయసయిపాయె." ఆ మాట నవ్వుతూనే అంది గానీ, అంటున్నప్పుడు కర్ర మీద ఆమె వేళ్లు మెట్లు నొక్కుతున్నట్టు కదిలాయి. అది ఇద్దరం చూశాం.

ఆమె వెళ్లాక సిస్టర్ ఇంట్లోకి నడిచింది. అలమార తెరిచి రెండంగుళాల కట్టుగుడ్డ చుట్ట తీసింది. పిడి బొరియలో వడ్రంగి జిగురు నింపి ఇనుమును దిగ్గొట్టింది. గుడ్డను అదే జిగురులో తడిపి, పగిలిన పిడి చుట్టూ సగం మీద సగం పడేలా, ముడతలేకుండా బిగించి చుట్టింది. విరిగిన చేతికి కట్టినట్టే కట్టింది. చివరిలో అలవాటుగా, "నొప్పిగా ఉండాదా?" అని కూడా అన్నది. ఎవరిని అడిగిందో నాకు తెలియలేదు. రెండు రోజులకు ఆ కట్లు రాయిలా గట్టిపడ్డాయి. చెమట పట్టినా చెయ్యి జారదు. ఉడక్కముందుకన్నా ఇప్పుడే బాగున్నాయని ఆమె వాదన.

ఆ తర్వాత షెడ్డులో పని మొదలైంది. మిల్లులో కోయించి తెచ్చిన వేప చెక్క. ఆమె చెయ్యి చాపుతుంది, నేను అందించాలి.

"సన్నది."

అందించాను.

"అంచు నా పక్క పెడితే ఎట్లన్నా? పిడి! పిడి నా పక్క ఉండాల! థియేటర్లో అయ్యింటే నిన్ను బయటికి పంపిచ్చేవాళ్లు."

కాళ్లు దూర్చే బొరియలకు తొడ ఎముక ఉలి, అంచులు సవరించడానికి కుప్పం ఉలులు. తబిత టీచర్ మోకాలి ఎత్తు ఆమెకు నోటికొచ్చు. ఆ లెక్క ప్రకారం ఎంత ఎత్తు కావాలో అంతే పెట్టింది. అదనంగా ఒక్క గీత కూడా వదల్లేదు. మరీ ఎత్తయితే కాళ్లు హార్మోనియం తొక్కే పలకలకు అందవు, తగ్గితే తబిత లేవలేదు.

పండగ ముందు రోజు స్టూలు నిలబడింది. నిలబడి, టకటకమని ఊగింది. నాలుగు కాళ్లలో ఒకటి పొట్టి.

సరిగ్గా అప్పుడే శరత్ బాబు పండగకు కుర్చీలు అడగడానికి వచ్చాడు. విషయం చూశాడు, రంపం అందుకున్నాడు.

"దీనికేముండాదమ్మా, తక్కిన మూడు కాళ్లూ ఇంత ఇంత కోస్తే సరిపాయె."

"రంపం ఆడ పెట్టు!"

నేను ఆమె గొంతు అంత పెద్దగా ఎప్పుడూ వినలేదు. శరత్ బాబు కూడా విని ఉండడు. రంపాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"ఒక కాలు పొట్టిదైతే డాక్టరు రెండో కాలు కోస్తాడాప్పా? కోస్తా పోతే స్టూలు నేలకు దిగుతాది. అది దిగితే తబిత మళ్లీ ఇంట్లోనే. పొట్టి కాలికి ఎత్తు చెప్పు కుట్టించి పంపిస్తారు, నేను ఎంతమందికి తొడిగించినానో!"

తన పాత రబ్బరు చెప్పు తెచ్చింది. కుప్పం ఉలితో ఒక ముక్క కోసి, స్టూలు కాలి కిందకు పెట్టి, భానుప్రకాశ్ కొసరిచ్చిన మేకులతో బిగించింది. స్టూలును నేల మీద పెట్టి నలువైపులా నొక్కింది. చప్పుడు లేదు. శరత్ బాబు తాను వచ్చిన పని చెప్పకుండానే వెళ్లిపోయాడు.

కోతల పండగకు నేను ఏటా వెళ్తాను. ఆరాధన అయ్యాక కానుకల వేలంలో చెనక్కాయలు కొనుక్కుంటాను. ఆ రోజు ముందు వరుసల దగ్గర టొమాటో బాక్సులు, రాగుల మూటలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన రెండు కోళ్లు. ఓ పక్కన హార్మోనియం, దాని ముందు స్టూలు.

తబిత టీచర్ ఆటో దిగి కర్ర మీద నడిచి వచ్చింది. స్టూలు చుట్టూ తిరిగి చూసింది.

"ఏమే, దీనికి ఒక కాలికే చెప్పేసినావు?"

"నువ్వు కూడా మూడు కాళ్ల మీదనే గదా వచ్చినావు. కూసో."

ఆమె కూర్చుంది. ఫ్లారెన్స్ సిస్టర్ పక్కనే నిలబడింది. చర్చి మొత్తం స్టూలు కాళ్ల వైపే చూస్తోంది. టీచరు ఒక పాదం కదిపింది, తర్వాత రెండోది. హార్మోనియం ముందు దగ్గింది, గాలి తీసుకుంది, మెల్లగా గొంతు విప్పింది. స్టూలు కదల్లేదు. పాట మొదలయ్యాక ఎవరూ కాళ్లు చూడలేదు.

ఆరాధన ముగిసింది. లేవడం మిగిలింది. సిస్టర్ తన కుడి చెయ్యి చాపింది. తబిత టీచర్ ఆ చేతిని చూడలేదు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి, తనంతట తానే లేచి నిలబడింది.

చాపిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"యాలే అట్ల చెయ్యి చాపుకోని నిలబడుకొన్నావు? దుడ్లేమన్నా కావాల్నా?"

సిస్టర్ ఆ చేత్తోనే స్నేహితురాలి వీపు మీద ఒకటి వేసింది. తర్వాత అదే చేత్తో కళ్లు తుడుచుకుంది.

టీచరు అందరినీ పలకరిస్తూ వాకిలి దాకా వెళ్లింది. ఈలోగా వేలం మొదలైంది. శరత్ బాబు ఉత్సాహంలో ఉన్నాడు. కోళ్లు అయ్యాయి, చెనక్కాయలు నేను పాడుకున్నాను. ఆయన చెయ్యి తర్వాతి వస్తువు కోసం వెతుక్కుంటూ స్టూలు మీద పడింది.

"ఇది చేత్తో చేసిన వేప చెక్క స్టూలు..."

వాకిట్లోంచి కర్ర టకటకమని లోపలికి వచ్చింది. తుంటి విరిగిన మనిషి అంత వేగంగా నడవగలదని డాక్టరు కూడా అనుకుని ఉండడు. తబిత టీచర్ వచ్చి స్టూలు మీద కూర్చుని, కర్ర ఒళ్లో పెట్టుకుంది.

"కానీ శరత్ బాబూ. నన్నూ, స్టూలునూ, హార్మోనియాన్నీ కలిపి ఒకే పాట పెట్టు. ఎవురు తీసుకుంటారో సూస్తా."

ఎవరూ పాడలేదు. శరత్ బాబు గుమ్మడికాయ ఎత్తుకున్నాడు.